ఆర్పిన ఫోను

బడి గేటు తెరవగానే గిడ్డమ్మ అలవాటుగా ఫోన్లు వేయించుకునే వైరు బుట్టను ముందుకు చాపింది. పిల్లలు దాని పక్కనుంచి నవ్వుకుంటూ పోయారు.

"ఇంగ ఇచ్చేది లేదవ్వా! మాకాడే పెట్టుకోమన్యాడు సారు" అంది ఒక పిల్ల, చేతిలోని ఫోను ఆడిస్తూ.

హెడ్మాస్టరు హనుమేష్ నిన్న ప్రార్థనలో ఆ మాట చెప్పినప్పుడు గిడ్డమ్మ అక్కడే ఉంది. ఇంట్లో ఫోనున్నవాళ్లు తెచ్చుకోవచ్చు, పాఠాలు అందులోనూ చెబుతాం అన్నాడు. విన్నది గానీ ఆమెకు మింగుడు పడలేదు. ఇన్నేళ్లుగా పిల్లలు మేజోళ్లలో, అన్నం క్యారియర్లలో దాచుకున్న ఫోన్లను బయటికి తీయించింది తనే. ఏడ్చినా వదల్లేదు. నిన్నటిదాకా తప్పయినది ఈరోజు పాఠం ఎట్లయింది?

"సారూ, మరి ఈ బుట్ట ఏం జేయల్ల?" అని, అప్పుడే లోపలికొస్తున్న హనుమేష్‌ను అడిగింది.

"ఇంటికి తీసుకుపోమ్మా. కూరగాయలకు పనికొస్తుంది" అని ఆయన నవ్వుతూ గదిలోకి వెళ్లిపోయాడు.

గిడ్డమ్మ పొట్టి మనిషి. చీపురు పట్టీ పట్టీ కుడిచేతి వేళ్లు తిన్నగా చాపుకోలేనంతగా ముడుచుకున్నాయి. ఫోను గురించి ఆమెకు తెలిసింది ఒక్కటే. పక్కనున్న మీట నొక్కిపెట్టి, తెరమీద వచ్చినదాన్ని వేలితో తోస్తే ఆరిపోతుంది. మళ్లీ వెలిగించడం ఎప్పుడూ ఆమె పని కాలేదు.

మూడో తరగతిలో ఉండగా అమ్మానాయనల వెంట సుగ్గికి పోయింది. వానలు లేని ఏడాది ఊళ్లకు ఊళ్లే కదిలి పైప్రాంతాల పంటలకు కూలికి పోవడాన్ని కోసిగి దిక్కున అట్లాగే అంటారు. తిరిగొచ్చేసరికి బడిలో పేరు లేదు. పెళ్లయింది. బేతంచెర్ల రాళ్ల గనుల దుమ్ము మొగుడి ఊపిరి తీసుకుపోయింది. ఆ తర్వాత ఈ బడిలో ఊడ్చే పని దొరికింది. బడికి పోవాలనే ఆశ ఇట్లా తీరిందని అప్పుడప్పుడు తనలో తనే నవ్వుకునేది.

ఎండ వరండాలోకి వచ్చేసరికి తొమ్మిదో తరగతి ఆరాధన కొళాయి దగ్గరికి వచ్చి నిలబడింది. గుప్పిట్లో ఫోను. వాళ్లింట్లో ఉన్నది అదొక్కటే. పాఠానికని నాయననడిగి, పసుపుదారం చుట్టిన ఛార్జరుతో సహా తెచ్చుకుంది.

"కూలి మేస్త్రి ఫోన్ చేసినాడవ్వా. మధ్యాన్నానికి లారీ వస్తాదంట, గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపేకి. నాయనకు చెప్పమన్యాడు."

"చెప్పల్ల గదా మరి."

"చెప్తే నేనూ పోవల్ల. చిన్నోన్ని ఎత్తుకునేకి."

ఆ పిల్ల ఫోనును గిడ్డమ్మ చేతిలో పెట్టింది.

"నువ్వే పెట్టుకో అవ్వా. ముందర మాదిరి."

ఆ ముడుచుకున్న వేళ్లకు ఏం చేయాలో బాగా తెలుసు. తెర నల్లబడింది. ఫోను నడుం దగ్గర చెక్కుకుని చీపురందుకుంది.

ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. పిల్ల చదువు నిలబెట్టానా, ఆ ఇంటి కూడు పోగొట్టానా? ఫోన్లన్నీ బుట్టలో పడే రోజుల్లో ఇట్లాంటి బరువు తన మీద ఎన్నడూ లేదు. ఒకసారి వెలిగిద్దామని మీట నొక్కింది. ఏవో అంకెలడిగింది. భయపడి మళ్లీ కొంగు కప్పేసింది.

అన్నం గంట కొట్టిన కొంతసేపటికి ఆరాధన తల్లి చౌడమ్మ రొప్పుతూ గేటు దగ్గరికి వచ్చింది. చంకలో చిన్నోడు.

"మా ఆరాధన యాడ పెద్దమ్మా? లారీ వచ్చి నిలబడుకోనుండాది. మేస్త్రి ఎంతసేపు చేసినా మా ఫోను పలకల్యా అంట."

గిడ్డమ్మ నడుం దగ్గరినుంచి ఫోను తీసి ఇచ్చింది. "నేనే ఆర్పినా."

చౌడమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది గిడ్డమ్మకు.

"ముందర బడిలోకి పోతే మోగదని తెలుసు, ఫోను పంపిస్తాంటిమి కాదు. ఇప్పుడు మోగతాదంటేనే గదా పంపిస్తిమి" అంది.

"పిల్లను నాకాడ ఇడిసిపో చౌడమ్మా. ఇంత ముద్ద పెట్టి చూసుకుంటా."

"మేం చేలో దిగితే వీన్ని ఎవురు చూస్తారు?"

గిడ్డమ్మకు తన అమ్మ గుర్తొచ్చింది. ఆమెను కూడా ఎవరో ఇదే అడిగి ఉంటారు. అమ్మ కూడా ఇదే అని ఉంటుంది.

ఆరాధన సంచి తగిలించుకుని వచ్చింది. పోతూ పోతూ గిడ్డమ్మను ఒకసారి చూసింది. అది కోపమో, దిగులో, మరేమిటో ఆమె పోల్చుకోలేకపోయింది. కాసేపటికి బడి గోడ అవతల లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది.

సాయంత్రం తొమ్మిదో తరగతి గదిలో బెంచీలు జరుపుతుంటే, గోడకున్న ప్లగ్గులో ఒక ఛార్జరు కనబడింది. తెగిన చోట పసుపుదారం చుట్టిన తీగ కిందికి వేలాడుతూ ఉంది.