కలిసిపోయిన రేకులు

పాత పికప్‌ ముందు భాగాన్ని రెండు స్టాండ్ల మీదికి ఎత్తి, చక్రాలు తీసి గోడకు ఆనించాడు తమ్ముడు. షెడ్డు గుమ్మంలో స్టూలు మీద బావ కూర్చున్నాడు. ఊతకర్ర ఒళ్ళో ఉంది.

అక్క టీ తెచ్చింది. "ఈ ముసలి బండికి మోకాళ్ళ ఆపరేషన్ మొదలైందా? మా ఆయనకెప్పుడో!"

"లైన్లో ఉన్నా. నంబరు ఇంకా రాలేదు," అన్నాడు బావ.

మూడు నెలల క్రితం కొండ దిగుతుంటే, మలుపులో స్టీరింగ్ వణికి బావ చేతుల్లోంచి జారింది. బండి రాతిగోడకు కొట్టుకుంది. ఆయన మోకాలు నలిగింది. పాత బండి కదా, ఇంతే అన్నారు అందరూ. ఏడాది క్రితం ఆ ముందు యాక్సిల్ విప్పి బిగించింది తమ్ముడు. తప్పు తన చేతిదేనేమోనని ప్రమాదం జరిగినప్పట్నుంచి అతనికి అనుమానం. ఇక మీదట ఆ బండి నడపాల్సిందీ, దాని మీద ఈ ఇల్లు నడపాల్సిందీ అతనే.

లోపలి ఇరుసు కడ్డీ బయటికి లాగి, సీలు తీసి, కుడి చక్రాన్ని పక్కకి తిప్పే పిడికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాడు. ముల్లు మూడు కిలోలకీ ఆరుకీ మధ్య నిలవాలి. ఒకటి దగ్గరే పిడి కదిలింది. పైమూత విప్పాడు. మూత కింద కాగితమంత పల్చని ఇనుప రేకులు. బేరింగ్ ఎంత బిగువుగా కూర్చోవాలో అవే తేలుస్తాయి. ఏ వైపువి ఆ వైపే ఉండాలి. ఇక్కడ ఒకటి ఎక్కువ ఉంది; అందుకే బేరింగ్ వదులై స్టీరింగ్ వణికింది.

అతనికి అంతా గుర్తొచ్చింది. ఆ రోజు రేకులు రెండు కుప్పలుగా పేపరు మీద పెట్టి, సీళ్ళు కొనడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అక్క అన్నీ కిరసనాయిలుతో కడిగి, తువ్వాలు మీద పల్చనివి ముందు, మందపువి వెనక పేర్చింది. "చూడు, అద్దాల్లా ఉన్నాయా?" అంది. పొద్దుట్నుంచి నిలబడి సాయం చేసిన మనిషి. ఏమనగలడు? సగం అటు, సగం ఇటు వేసి బిగించేశాడు. తెల్లారితే బావకు లోడు ఉందని త్రాసు జోలికి పోలేదు.

"ఏం కనిపించింది?" అన్నాడు బావ.

బేరింగ్ అరిగిందంటే సరిపోతుంది. బావ నమ్ముతాడు.

"నీళ్ళు నమలకురా."

"రేకులు కలిసిపోయాయి బావా. కొలవకుండా బిగించాను. తప్పు నాదే."

"ఎలా కలిశాయి?"

"నేనే కలిపేశాను."

అక్క గ్లాసు కింద పెట్టింది. "అబద్ధం. కడిగింది నేను," అంది. "చెప్పొచ్చు కదరా ఆ రోజే! తిట్టొచ్చు కదా!"

"నువ్వు కడిగినా నేను కొలవాల్సింది అక్కా. కొలిస్తే ఆ రోజే తెలిసేది."

బావ తన మోకాలు తడుముకున్నాడు. తిడతాడని ఇద్దరూ ఎదురుచూశారు.

"మూడు నెలలు," అన్నాడు. "మలుపులో చెయ్యి నేనే వదిలేశానేమో అనుకుంటూ పడుకున్నాను. ఈ మూడు నెలల్లో ఒక్కసారి నోరు విప్పలేకపోయావా?"

తమ్ముడు త్రాసు చేతిలోకి తీసుకున్నాడు.

"సరే, కొలువు."

ఒక రేకు తీసి, మూత బిగించి, త్రాసు లాగాడు. ముల్లు నాలుగున్నర దగ్గర నిలిచింది.

"మళ్ళీ లాగు."

నాలుగున్నరే. ఎడమవైపూ కొలవమన్నాడు బావ. అక్కడ ఏడు. అక్క కింద కూర్చుని, కుడివైపు తీసిన రేకు అందించింది. అది వేసి బిగిస్తే ఐదు.

బావ కర్ర ఊతంతో లేచాడు. "చక్రాలు ఎక్కించు. సాయంత్రం నువ్వు నడుపు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ మలుపు దింపు."

"ఇవాళేనా?" అంది అక్క.

"ఇవాళ దిగకపోతే వీడూ దిగడు, నేనూ దిగను."

తమ్ముడు మొదటి చక్రాన్ని గోడ దగ్గర్నుంచి దొర్లించుకొచ్చాడు.