గొట్టాల తాత నవ్విన పేజీ

సోమవారం వచ్చిందంటే ఎర్రసిరా మాస్టారికి గుండెల్లో రాయి పడేది. ఆ రోజే ఉత్తరాల సంచీ వస్తుంది. కంప్యూటరమ్మాయి దాన్ని బల్లమీద బోర్లించి, ఒక్కొక్క కవరే చించి, ఆఫీసంతా వినపడేలా చదువుతుంది.

"ఇది వినండి మాస్టారూ! 'గొట్టాల తాత బతికే ఉన్నాడని నేను పన్నెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. మా ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. ఇప్పుడు మా అక్కయ్య మొహం చూడాలి మీరు!' ఈ వారంలో ఇలాంటివి నలభై వచ్చాయి."

మాస్టారు తల ఎత్తకుండా, "ఊఁ" అన్నారు. ఆయన ముందున్న ప్రూఫు కాగితంలో ఒకే వాక్యాన్ని అప్పటికి అయిదోసారి చదువుతున్నారు.

పేరుకి మాస్టారే కానీ ఆయన ఏనాడూ పాఠం చెప్పినవాడు కాదు. కాలేజీ చదువు కాగానే ఈ ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే పనిలో చేరారు, ముప్ఫై ఏళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. జేబులో ఎర్రపెన్ను లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు కనుక ఆ పేరు అలా అతుక్కుపోయింది.

ఆ సంస్థ బతుకుతున్నది 'నీలిచీమ' మీద. నీలిచీమ అంటే ఒక చిన్న సరుకుల నౌక. నక్షత్రాల మధ్య దారి తప్పిపోయింది. పదిహేడు మంది సిబ్బందితో ఇంటిదారి వెతుక్కుంటూ ఇరవై తొమ్మిదేళ్ళుగా, ఇరవై ఒక్క భాగాలుగా తిరుగుతూనే ఉంది. ఏ గ్రహం మీద ఏ యుద్ధం జరిగిందో పాఠకుల్లో సగం మందికి గుర్తుండదు. కానీ నౌక వంటగదిలో మూలనున్న కుంటి స్టూలు ఎవరిదో అడగండి, నిద్రలో లేపినా చెబుతారు. ఒక్క పుస్తకంతో అయిపోయే కథలో మనుషులు చుట్టపుచూపుగా వచ్చి పోతారు. వీళ్ళు పక్కవాటాలో కాపురం ఉన్నవాళ్ళలాంటివాళ్ళు. ఒక బస్సు డ్రైవరు రాశాడు, మొదటి భాగం కొన్నప్పుడు తనకి పెళ్ళి కాలేదట, ఇప్పుడు కొత్త భాగం రాగానే కూతురు లాక్కుపోతుందట, తన వంతు వచ్చేదాకా ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతాడట.

మాస్టారి భార్య కూడా అలాంటి పాఠకురాలే. ఆయన ప్రూఫులు ఇంటికి తెస్తే, ఆయన తర్వాత ఆవిడ చదివేది. మూడో భాగం నాటికి ఒక నల్ల అట్ట నోటుబుక్కు కొనుక్కొచ్చింది. ముందు పేజీల్లో బతికున్నవాళ్ళు, వెనక పేజీల్లో పోయినవాళ్ళు. పేరు, భాగం, పేజీ, ఎలా పోయారో ఒక్క ముక్క.

"మీ అక్కగారికి మనుషుల్ని పుట్టించడం బాగా వచ్చు గానీ, ఎవర్ని ఎక్కడ పెట్టిందో గుర్తుండదు. జనాభా లెక్క నేను చూస్తానులెండి," అనేది.

అక్కగారంటే రచయిత్రి. మాస్టారి కంటే పన్నెండేళ్ళు పెద్దది. అక్కగారూ అని మాస్టారు పిలవడం మొదలుపెట్టాక ఆఫీసంతా అలాగే పిలిచేవారు.

గొట్టాల తాత తొమ్మిదో భాగంలో పోయాడు. నౌకలో గొట్టాలు బాగుచేసే ముసలాయన, వంటగదిలోని కుంటి స్టూలు ఆయనదే. చెంచాతో టంగుమని కొట్టి, ఆ చప్పుడు విని జబ్బేమిటో చెప్పేసేవాడు. ఇంజను గదిలో విషవాయువు కారినప్పుడు మిగతావాళ్ళకి సోకకుండా తలుపు లోపలి నుంచి వేసుకున్నాడు. ఆ పేజీ చదివిన రోజు మాస్టారి భార్య భోజనానికి లేవలేదు.

"మీరు దిద్దారుగా. ఒక్క మాట చెప్పకూడదూ మీ అక్కగారితో?"

"తప్పులు దిద్దడం వరకే నా పని. చావులు దిద్దడం కాదు," అన్నారాయన.

ఆ మాట అని పన్నెండేళ్ళయింది. ఈ ఏడాది వేసవి మొదట్లో ఆ భార్యే పోయింది. రెండు వారాలకి ఇరవై ఒకటో భాగం ప్రూఫులు వచ్చాయి. ఇంట్లో ఒక్క కప్పు టీ పెట్టుకుని, ఆవిడ కుర్చీకి ఎదురుగా కూర్చుని దిద్దుతున్నారు. రెండువందల పన్నెండో పేజీలో ఒక వాక్యం: 'మూలనున్న కుంటి స్టూలు మీంచి గొట్టాల తాత నవ్వాడు.'

అక్కగారు పరాకున రాసేసింది. ముప్ఫై ఏళ్ళ అలవాటున పెన్ను దానంతటదే వెళ్ళి కాగితం మీద ఆనింది. ఎందుకైనా మంచిదని నోటుబుక్కు తెరిచారు. భార్య వాలు అక్షరాలు: 'తాత. 9వ భాగం, 318. తలుపు తనే వేసుకున్నాడు.' ఇంతలోనే ఇంకో మనిషిని తీసెయ్యడం నా చేత కాదు అనుకున్నారు. పేజీ తిప్పేశారు.

పుస్తకం అచ్చయిపోయింది. మూడు నెలలుగా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి.

ఆ సోమవారం ఉత్తరాలు ఇంకా సగం ఉండగానే పబ్లిషరు తన గదిలోంచి బయటికి వచ్చాడు. మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

"అక్కగారు ఫోన్ చేశారు. ఇరవై రెండో భాగం రాయరట. సగం రాసింది బీరువాలో అడుగున పడేశారట."

"అదేంటి సార్? ఇల్లు చేరడానికి నౌక దాటాల్సింది ఇంకా మూడు నక్షత్ర ద్వారాలేగా!" అంది కంప్యూటరమ్మాయి.

"మతి పోతోందంటున్నారమ్మా. 'పోయినవాళ్ళు నా కాగితాల్లోకి లేచొస్తున్నారు, నా బుర్ర మీద నాకు నమ్మకం లేదు' అన్నారు. డాక్టర్ని కూడా కలిశారట. ఏవో మందులు. పాఠకులేమో తాత లేచొచ్చాడని గంతులేస్తున్నారు, ఈవిడేమో మంచం పట్టారు."

మాస్టారి చేతిలో పెన్ను ఆగిపోయింది. పబ్లిషరు అది చూసి దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరేం మనసులో పెట్టుకోకండి మాస్టారూ. మీరున్న పరిస్థితిలో ఎవరి కంటినుంచైనా జారిపోతుంది. మిమ్మల్ని ఎవరైనా ఒక్క మాటన్నారో, నేను ఊరుకోను."

చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు. మాస్టారు లేచి, మొహం కడుక్కునే నెపంతో వరండాలోకి వెళ్ళారు. అద్దంలోకి చూడబుద్ధి కాలేదు.

భోజనాల వేళ కంప్యూటరమ్మాయి టిఫిన్ డబ్బా తెరవకుండా ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో ఒక ప్రూఫు కాగితం. రెండువందల పన్నెండు. మార్జినులో, ఆ వాక్యానికి సరిగ్గా ఎదురుగా, ఆవగింజంత ఎర్రచుక్క.

"నేనిక్కడ చేరి తొమ్మిదేళ్ళయింది. మీ పెన్ను పని లేకుండా కాగితం మీద ఆనడం ఎప్పుడూ చూడలేదు మాస్టారూ."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. "నీకు అప్పుడే తెలుసా?"

"దిద్దుబాట్లు కంప్యూటర్లో ఎక్కిస్తున్నప్పుడు చూశాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే మీరు దిద్దాల్సి వచ్చేది కదా." ఆ అమ్మాయి కాగితాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. "ఓ వాక్యమేగా, పోనీలే అనుకున్నాను. ఇప్పుడు చూడండి, లేని జబ్బుకి మందులు మింగుతోంది ఆ తల్లి. నోరు మూసుకున్నందుకు నా తప్పూ తక్కువేం కాదు. కానీ వెళ్ళాల్సింది మీరు."

మూడు నెలలుగా ఈ పిల్ల తనని కాపాడుతూ ఉంది. ఆ సంగతి తెలియకుండా, రోజూ ఎదురుగా కూర్చుని ఆమె చదివిన ప్రతి ఉత్తరానికీ ఊఁ కొట్టారు తను. మాస్టారు సొరుగులోంచి భార్య నోటుబుక్కు తీసి సంచీలో పెట్టుకుని లేచారు.

అక్కగారి ఫ్లాటు మూడో అంతస్తులో. తలుపు తీయగానే ఆయనకి కనిపించినవి చీటీలు. స్విచ్చుల బోర్డు మీద 'స్టవ్ ఆర్పావా?' తలుపు వెనక 'తాళంచెవి.' టెలిఫోను పక్కన తమ్ముడి పేరు, నంబరు. హాల్లో అద్దానికి ఒక చీటీ: 'గొట్టాల తాత లేడు.'

ఆ చీటీ చూశాక కూర్చోమన్నా ఆయన కూర్చోలేకపోయారు.

"నిలబడే మాట్లాడతారేంటి? ఆ పబ్లిషరు పంపించాడా బతిమాలమని?"

"కాదండీ. నేనే వచ్చాను. రెండువందల పన్నెండో పేజీ అక్కగారూ... అది నేను చూశాను."

"అందరూ చూశారు. నలభై వేల మంది చూశారు."

"అచ్చుకి ముందే చూశాను. దిద్దబోయి, దిద్దలేదు. కావాలనే వదిలేశాను."

అక్కగారు లేచి వంటగదిలోకి వెళ్ళింది. కాసేపటికి వట్టి చేతులతో తిరిగొచ్చింది.

"ఎందుకు వెళ్ళానో మర్చిపోయాను. ఇది కూడా మీ పుణ్యమేనా?"

ఆయన తల దించుకున్నారు.

"మూడు నెలలు! రోజూ పొద్దున్నే ఆ అద్దం ముందు నిలబడి నా పేరు నాకే చెప్పుకుంటున్నాను, తప్పు పోతుందేమోనని. తమ్ముడి ముందు నోరు విప్పాలంటే భయం. మీరేమో తెలిసి కూర్చున్నారు. ఎందుకు?"

"అప్పటికి మా ఆవిడ పోయి రెండు వారాలేనండీ. తాతంటే ఆవిడకి... ఆ వాక్యం కొట్టేస్తే మళ్ళీ..." మాట పూర్తికాలేదు. పూర్తిచేస్తే పోయిన భార్యని అడ్డం పెట్టుకున్నట్టుంటుందని ఆగిపోయారు. "అది మొదటి రోజు సంగతి. ఆ తర్వాతవన్నీ వట్టి పిరికితనం. మొహం చెల్లక దాచాను."

అక్కగారు మెల్లగా అంది: "అయినా రాసింది నేనేగా. మర్చిపోయింది నేనేగా. మీరు చూశారని చెబితే నా మతి తిరిగొస్తుందా?"

మాస్టారు సంచీలోంచి నోటుబుక్కు తీశారు. పోయినవాళ్ళ జాబితా దాటి అట్టచివరి పేజీలు తెరిచి అక్కగారి చేతికిచ్చారు. పైన వాలు అక్షరాల్లో శీర్షిక: 'అక్కగారి మరపులు.'

ఆవిడ కళ్ళజోడు మార్చుకుని పైకే చదివింది. "రెండో భాగం. కెప్టెన్ ఎడమకంటి కింది మచ్చ కుడికంటి కిందికి వచ్చింది. నాలుగో భాగం. పిల్లి రెండుసార్లు పుట్టింది. అయిదో భాగం..." ఆగింది. "ఏడో భాగం. కవలలకి నాలుగేళ్ళ తేడా. ఏమిటిది? కవలలకి నాలుగేళ్ళ తేడానా?"

"మీరలాగే రాశారండీ. నేను దిద్దాను."

"ఎప్పుడు రాశాను?"

"నలభై ఎనిమిదేళ్ళ వయసులో."

అక్కగారి పెదవి చివర కదిలింది. ఇంకో పేజీ తిప్పింది, ఇంకొకటి. నూటనలభై మూడు ఉన్నాయి. "ఒక్కటైనా నాకు చెప్పలేదేం ఇన్నాళ్ళూ?"

"మా ఆవిడ వద్దంది. దిద్దితే చాలు, చెప్పి నొప్పించడం ఎందుకని."

"ఓరి నాయనో! అయితే ముసలితనంలో మతి పోలేదన్నమాట. మొదట్నుంచీ లేనే లేదు!" ఆవిడ పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, నోటుబుక్కుతోనే కళ్ళు ఒత్తుకోబోయి, వాలు అక్షరాలు చూసి ఆగి, చీర కొంగు తీసుకుంది. మాస్టారు నవ్వలేదు. ఆవిడ అది గమనించింది.

"నవ్వాను కదాని క్షమించేశాననుకోకండి."

"అనుకోవడం లేదండీ."

ఆవిడ అలమార దగ్గరికి వెళ్ళి ఇరవై ఒకటో భాగం తీసి, పేజీ చూసి, ఆయన ముందు పెట్టింది. "దిద్దండి."

"రెండో ముద్రణకి ఆఫీసులో..."

"ఇక్కడే. నా ఎదుటే. తాతని మళ్ళీ బతికించమని నన్నడక్కండి. ఆయన వేసుకున్న తలుపు నేను తియ్యను. పాఠకులకి నేనే రాస్తాను, నా పొరపాటని. మీ పేరు ఎత్తను."

"ఎత్తండి. పబ్లిషరుకి నేనే చెప్పుకుంటాను ఈ పూటే. ఉత్తరంలో మీరూ రాయండి."

పెన్ను తీశారు. కామాలు, పొల్లులు, గుడిదీర్ఘాలు లక్షల మీద దిద్దిన చెయ్యి ఆ ఒక్క గీతా గీసింది. 'మూలనున్న' దగ్గర మొదలైన గీత 'నవ్వాడు' దాకా పాకుతూ వెళ్ళింది. వంకరగా వచ్చింది. గీత కింద వాక్యం ఇంకా కనిపిస్తూనే ఉంది.

తర్వాత నోటుబుక్కు తీసుకుని, నూటనలభై మూడు కింద, తన నిలువు అక్షరాలతో నూటనలభై నాలుగు వేశారు. '21వ భాగం, 212.' పక్కన రాశారు: 'ఇది అక్కగారిది కాదు. నాది.' పైన భార్య రాత, కింద తన రాత. ఆ పేజీలో తన చేతిరాత పడటం అదే మొదలు. ఇలాంటి మాటతో పడినందుకు ఆయన చెవులు వేడెక్కాయి.

అక్కగారు అది చూసింది. అద్దం మీది చీటీ తీసి నలిపి, బీరువా దగ్గరికి వెళ్ళి వంగి, అడుగు నుంచి కాగితాల కట్ట లాగింది.

"నౌక ఎక్కడ ఆగిందో కూడా గుర్తులేదు. చూసి చెప్పండి."

ఆయన ఆ కట్టలో చివరి కాగితం చూశారు. "మూడు ద్వారాలుండగా. వంటగదిలో ఉన్నారందరూ."

"ఆ కుంటి స్టూలు మీద ఇప్పుడెవరు కూర్చుంటున్నారు?"

మాస్టారు నోటుబుక్కు ముందు పేజీలు తెరిచారు, వేలు వాలు అక్షరాల వెంట కిందికి వెళ్ళి, పదో భాగం దగ్గర ఒక చిన్న పంక్తి మీద ఆగింది.

"ఎవరూ లేరండీ. ఖాళీగా ఉంచారు."

"సరే," అంది అక్కగారు కలం మూత తీస్తూ. "అలాగే ఉంచుదాం. మీరు ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చోండి, ఎంతసేపని నిలబడతారు?"