బోటు పెట్టెలోకి కత్తి

సూర్యకాంతమ్మ అమ్మేవాళ్లెవర్నీ నమ్మదు. తనూ చేపలమ్మే మనిషే కాబట్టి, అమ్మేవాళ్ల మాయలన్నీ ఆమెకి తెలుసు. నిన్నటి చేప మీద ఇవాళ్టి నీళ్లు చల్లి, ఇప్పుడే ఒడ్డుకి వచ్చిందని ఒట్టు పెట్టే జనం మధ్య పెరిగింది మరి. కొబ్బరికాయని చెవి దగ్గర ఆడించి, చీరని ఎండలో పరిచి, పప్పుని పంటి కింద కొరికి చూస్తేగానీ కొనదు. పెద జాలరిపేటలో ఆమె వస్తోందంటే గాజులవాడు కూడా వీధి మార్చేస్తాడు.

అలాంటి మనిషి ముందు ఓ సాయంత్రం ఆమె మొగుడు నూకాలు తళతళలాడే కత్తి ఒకటి తెచ్చి పెట్టాడు.

"ఏటిది?"

"బోటు పెట్టెలోకే. ఫారిన్ సరుకు. పోర్టు గేటుకాడ ఓడోళ్లు అమ్ముకుంటే కొన్నాను."

"మంచిదే అయితే ఓడోడు నీకెందుకు అమ్ముతాడు? ఆడికి అవసరం నేదేటి?"

నూకాలు జగ్గారావు బోటుకి సరంగు. బోటు నడిపేదీ అతనే, వల ఎప్పుడు వెయ్యాలో ఎప్పుడు లాగాలో చెప్పేదీ అతనే. ఆ యేటి గాలివానలో బోట్లు దెబ్బతిన్నాక, బోటు బోటుకీ ఓ ఆపద పెట్టె ఉండాలని యజమానులంతా కూడబలుక్కున్నారు. టార్చిలైటు, తాడు, గాయాలకి మందు, కట్లు కట్టే గుడ్డ, ఒక కత్తి. కత్తి చవగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి, మడిచే రకం వద్దు అని చెప్పి ఆ పని నూకాలుకి అప్పగించాడు జగ్గారావు.

సూర్యకాంతమ్మ కత్తిని చెవి దగ్గర ఆడించింది. పిడిలో ఏదో గలగలమంది.

"ఇనుము పిడి సివరిదాకా నేదు. ఏలెడు దూరి ఆగిపోనాది. పైనంతా పలాస్టికు."

"సూడకుండానే సెప్పేస్తావేటే?"

"సూపిస్తాను, ఉండు."

కత్తుల దగ్గర ఆమె అనుమానానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట ఆమె తమ్ముడు ఎల్లాజీ ఇదే బోటులో వల వేసి లాగే కలాసీగా పనిచేసేవాడు. వల నీళ్లలోకి జారుతుంటే తాడు మెలికలో అతని కాలు ఇరుక్కుంది. బోటు వెనకంచుని రెండు చేతులా పట్టుకుని వేలాడాడట. నూకాలు తాడు కొయ్యబోతే కత్తి విరిగిపోయిందట. ఎల్లాజీ వలతోపాటే పోయాడు. శవం కూడా దొరకలేదు. నూకాలు ఏడుస్తూ ఇంటికొచ్చి, విరిగిన కత్తి ముక్కలు రెండూ ఆమె ముందు పడేసి, "ఈ పాడు కత్తే మోసం సేసినాది," అన్నాడు. ఆమె ఆ ముక్కల్ని పారెయ్యలేదు. బిస్కెట్ల డబ్బాలో పెట్టి దాచింది, ఎల్లాజీ బనీనుతోపాటు. తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇప్పుడు ఫారిన్ కత్తిని గడప చెక్కకీ రాతికీ మధ్యనున్న సందులో దూర్చి, పిడి పట్టుకుని పక్కకి ఒంగింది. కత్తి కాస్త వంగి, పిడి దగ్గర టక్కున విరిగింది.

"సూసినావా!" అందామనుకుంది. సందులో ఉండిపోయిన ముక్కని లాగి చూసి ఆగిపోయింది. చేతిలోని ముక్క పిడి మొదట్లో పక్కకి వంగి, ఆ వంపు మీదే తెగి ఉంది. ఆ వంపు ఆమెకి కొత్త కాదు.

నూకాలు గొణుక్కుంటూ బీడీలకి వెళ్లాక డబ్బా తీసింది. పాత ముక్కని కొత్త ముక్క పక్కన పెట్టింది. రెండూ ఒకేలా పక్కకి వంగి, ఒకేచోట విరిగాయి. తాడు కొయ్యాలంటే కత్తిని ముందుకీ వెనక్కీ లాగాలి. పక్కకి వంచే పనేముంది? సందులో పెట్టి వంచితే తప్ప కత్తి ఇలా విరగదు. ఇప్పుడే చేసి చూసింది కదా, తన చేత్తోనే.

అనుమానం ఆమెకి అలవాటే. కానీ అది ఇన్నాళ్లూ బజారు మీదే ఉండేది, ఇంట్లోకి రాలేదు. ఆమెకి భయం వేసింది. కంగార్లో పక్కకి లాగాడేమో, అంచుకి తగిలిందేమో అని తనే నూకాలు తరఫున జవాబులు చెప్పుకుంది. చెప్పుకున్న కొద్దీ ఒక్కటీ అతకలేదు.

అన్నం పెడుతూ అడిగింది. "ఆ రోజు కత్తి ఎలగ ఇరిగినాది మావా?"

"ఇప్పుడెందుకే ఆ మాట?"

"కత్తి కొనాల గదా. ఎలగ ఇరుగుతాదో తెలిస్తే ఎలగటిది కొనాలో తెలుస్తాది."

"కోత్తంటే ఇరిగినాది. ఎన్నిసార్లు సెప్పాల?"

తలెత్తకుండా చేప ముక్కలో ముళ్లు ఏరుకుంటున్నాడు. ఆమె వండింది వంజరం. ఏరుకునేటన్ని ముళ్లు అందులో ఉండవు.

మర్నాడు ఇద్దరూ పూర్ణా మార్కెట్టుకి వెళ్లారు. పాత ముక్కల్లో పిడి లేనిదాన్ని గుడ్డలో చుట్టి, వల తాడు ముక్క ఒకటి తడిపి సంచిలో వేసుకుంది సూర్యకాంతమ్మ. ఇనుప సామాన్ల కొట్టువాడు మాంసం కత్తి, కొబ్బరి కత్తి, వంకర కత్తి పరిచాడు. వంకరది తాడుకి పనికొస్తుందని నూకాలు అన్నాడు. ఆమె పిడి చూసి పక్కన పెట్టేసింది. పిడిలోకి సన్నటి తోక మాత్రమే దూరింది, చుట్టూ లక్క పోశారు. ఉప్పునీళ్లు తగిలితే లక్క ఎన్నాళ్లుంటుంది?

"మంచి ఉక్కమ్మా. మన స్టీలు ప్లాంటు ఉక్కు," అన్నాడు కొట్టువాడు.

"అక్కడింకా పొయ్యే ఎలిగించనేదు. ఉక్కెక్కడిదయ్యా?"

ఆ రోజుల్లో ఊళ్లో మేకు అమ్మేవాడు కూడా అదే మాట చెప్పేవాడు. ప్లాంటుకి గోడలింకా లేస్తున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నూకాలూ నవ్వాడు. సూర్యకాంతమ్మ కత్తుల వైపు చూడ్డం మానేసి, ఆ నవ్వు వైపు చూసింది. మంచి నవ్వే. ఆ నవ్వు చూసే కదా అతన్ని చేసుకుంది.

అక్కణ్ణుంచి సిటీబస్సులో కంచరపాలెం వెళ్లారు. అక్కడ సూరన్న అనే కమ్మరి, లారీల కింద వేసే కమాను బద్దల్తో కత్తులు చేస్తాడు. మొన నుంచి పిడి చివరిదాకా ఒకటే ఇనుము, దానికి అటూ ఇటూ కర్ర చెక్కలు పెట్టి మేకులు దిగ్గొడతాడు. పిడి చివర తాడు కట్టుకోవడానికి కన్నం. మెరుపేమీ లేదు, నల్లగా మొరటుగా ఉంది.

"లారీదే అని ఏటి నమ్మకం?" అంది సూర్యకాంతమ్మ.

"నమ్మకు. ఇరగ్గొట్టు. ఇరిగితే నీ డబ్బులు నీకే," అన్నాడు సూరన్న.

దాగలి పెట్టిన మొద్దులో పగులుంటే, అందులో కత్తి దూర్చి బలమంతా పెట్టి పక్కకి ఒరిగింది. కత్తి కొంచెం వంగింది, వదలగానే తిన్నగా అయిపోయింది. మళ్లీ ఒరిగింది. మళ్లీ అంతే. ఇంకేం వంక పెట్టాలో తోచక ఆమెకి ఒళ్లు మండింది. సంచిలోంచి తడి తాడు తీసింది.

"నువ్వో కొస పట్టుకో మావా. సూరన్నా, నువ్వో కొస."

రెండు లాగులకి తాడు తెగింది.

"బిగిసిన తాడైతే ఇంకా బేగి తెగుతాది," అన్నాడు సూరన్న గర్వంగా.

"మళ్లీ పట్టుకోండి."

గుడ్డ విప్పి పాత ముక్క తీసింది సూర్యకాంతమ్మ. దాన్ని చూడగానే నూకాలు చేతిలో తాడు వదులైంది. "గట్టిగా పట్టుకో," అంది. పిడి లేని కత్తిని గుడ్డతోనే పట్టుకుని తాడు మీద పెట్టి లాగింది. కొంచెం తుప్పు పట్టింది గానీ పదును అలాగే ఉంది. నాలుగు లాగులకి తాడు తెగి, ఎవరి ముక్క వాళ్ల చేతిలో ఉండిపోయింది.

"ఇదీ మంచి కత్తేనమ్మా," అన్నాడు సూరన్న, పాపం ఏమీ తెలియక. "ఎవులో సందులో పెట్టి ఒంచీసినారు గాని."

నూకాలు కత్తికి డబ్బులిచ్చి బయటికి నడిచాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మొగుణ్ణి ఆమె సూటిగా అడిగింది. "మావా, ఆ రోజు నువ్వు తాడు మీద కత్తి పెట్టినావా, నేదా?"

"సముద్రం మీద సంగతులు నీకు తెలవ్వు కాంతం. ఆ కంగారు నీకు తెలవదు."

"తెలవదు. అందుకే అడుగుతన్నాను."

అతను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. నమ్మాలని ఆమెకి ఎంతో ఉంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె మీద చెయ్యెత్తని మనిషి. ఎల్లాజీకి ఈత నేర్పిందీ, ముడులు వెయ్యడం నేర్పిందీ అతనే. తను తినబోయే చివరి ముద్ద కూడా ఎల్లాజీకి పెట్టి చెయ్యి కడుక్కునేవాడు. అలాంటివాడు కత్తి చేతిలో ఉండి కూడా ఊరుకుని, తరవాత దాన్ని తనే విరిచి తెచ్చాడంటే ఎలా నమ్మడం? కానీ కత్తి అబద్ధం చెప్పలేదు కదా. చెప్పింది ఎవరో ఆమెకి తెలుస్తూనే ఉంది. ఎందుకో మాత్రం అంతుపట్టలేదు.

మర్నాడు పొద్దున్నే నూకాలుతోపాటు ఆమె కూడా చేపల గంప పట్టుకుని హార్బరుకి వెళ్లింది. బోటు వేటకి సిద్ధంగా ఉంది. కొత్త వల, కొత్త నైలాను తాడు చుట్టలు చుట్టి ఉన్నాయి. జగ్గారావు ఆపద పెట్టె తెరిచి సామాన్లు సరిచూస్తున్నాడు. కత్తి అందుకుని అటూ ఇటూ తిప్పి, "బాగుంది. నువ్వు ఎంచినావంటే ఇంక సూసుకోనక్కర్నేదు," అన్నాడు ఆమెతో.

"తెగుతాదో నేదో ఇక్కడే సూసుకుందాం అన్నా," అంది సూర్యకాంతమ్మ. కత్తి తీసుకుని మొగుడి చేతిలో పెట్టింది. "ఆ తాడు మీద ఒక్క లాగు లాగు మావా. కలాసీ కాలు ఇరుక్కుందనుకో."

కలాసీలు నవ్వారు. వాళ్లలో వరహాలుకి వేళాకోళం ఎక్కువ. ఎల్లాజీ చోట్లో ఇప్పుడు వల తాడు దగ్గర నిలబడేది అతనే. చటుక్కున తాడు మెలికలో కాలు పెట్టి, "ఓలమ్మో, ఇరుక్కుపోనాను! సరంగు బావా, కొయ్యవా!" అని అరిచాడు.

నూకాలు మోకాళ్ల మీద కూర్చుని తాడు మీద కత్తి పెట్టాడు. లాగలేదు. తలెత్తి జగ్గారావు వైపు చూశాడు.

ఎంతోసేపు కాదు. కొత్త తాడు పాడైతే ఏమంటాడో అని పనివాడు యజమాని మొహంలోకి చూసే చూపు, అంతే. కలాసీలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు, వాళ్లెవరూ దాన్ని పట్టించుకోలేదు. సూర్యకాంతమ్మ మాత్రం చూసింది. ఆ రోజూ కొత్త వలే. జగ్గారావు ఆ రోజు బోటులో లేడు, ఒడ్డునున్నాడు. అయినా ఈ నూకాలు చూసే ఉంటాడు. కత్తి తాడు మీద పెట్టి, వల పోతే జగ్గారావు ఏమంటాడో అని ఒడ్డు వైపు చూసి ఉంటాడు. తన తమ్ముడు రెండు చేతులా అంచు పట్టుకుని, బావ ఎప్పుడు కోస్తాడా అని ఎదురుచూసి ఉంటాడు.

ఆమె మొగుడి చేతిలోంచి కత్తి లాక్కుంది. వంగి వరహాలు కాలి పక్కనే తాడుని రెండు లాగుల్లో కోసి పారేసింది.

"ఏటే, పిచ్చెక్కినాదా నీకు? కొత్త తాడు!" జగ్గారావు అరిచాడు.

"ముడేసుకో అన్నా. తాడే గదా."

నవ్వులు ఆగిపోయాయి. నూకాలు మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాడు. "ఒక్క చనం ఆలోసించాను కాంతం," అన్నాడు ఎవరికీ వినపడకుండా. "ఒక్క చనమే. తేరుకునే సరికి సేతులు నేవు అంచు మీద."

ఆమె తెగిన తాట్లోంచి ఓ పేట లాగి కత్తి పిడి కన్నంలోంచి దూర్చింది. దాన్ని వరహాలు మొలకి కట్టి, ముడి గట్టిగా బిగించింది.

"ఇది పెట్టెలో ఉండకూడదు. నీ మొలకే ఉండాల. కాలు ఇరుక్కుంటే ఎవుల్నీ అడక్కు. సరంగు మొగం సూడకు, ఆడు నా మొగుడైనా సరే. నువ్వే కోసీ."

వరహాలు మొహంలో వేళాకోళం పోయింది. "అలగేనప్పా," అన్నాడు.

ఎల్లాజీ కూడా అక్కని అప్పా అనే పిలిచేవాడు. ఇంక అక్కడ నిలబడలేక చేపల గంప ఎత్తుకుని ఒడ్డు మీదికి నడిచింది. వెనక జగ్గారావు ఏదో అరుస్తున్నాడు. ఇంజను మొదలైంది. నూకాలు బోటు అంచు దాకా వచ్చి, "కాంతం," అని పిలిచాడు.

ఆమె ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

"మన మాట తరవాత మావా. ముందు ఈళ్లందర్నీ ఒడ్డుకి తే," అని, గంప సర్దుకుని మార్కెట్టు వైపు వెళ్లిపోయింది.