బొమ్మ చూసి పోసిన నూనె

ఖాళీ సీసా బల్ల మీద పడి ఉంది. మూత ఒకచోట, సీసా ఒకచోట. మా తమ్ముడు వచ్చి వెళ్ళాడనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. రేవులో వాణ్ని అందరూ ‘తొందర’ అనే పిలుస్తారు, అసలు పేరు వాడికైనా గుర్తుందో లేదో. గొణుక్కుంటూ సీసా చెత్తబుట్టలో వెయ్యబోయి, దాని మీది అక్షరాలు చదివాను.

ఇంకోసారి చదివాను.

మాది పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు. ముందు గదిలో నేను నూనెలు, ప్లగ్గులు, తాళ్ళు అమ్ముతాను. వెనక మా ఆయన రిపేర్లు చేస్తాడు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు వంట నేర్పాలని చూసి మా అత్తగారు చేతులెత్తేసింది గానీ, మా ఆయన మాత్రం నూనెల పాఠం వదిలిపెట్టలేదు. పడవ వెనక తగిలించే ఇంజన్లలో టూ స్ట్రోక్ వాటికి నూనె పెట్రోల్లోనే కలిపి పొయ్యాలి. పెట్రోలుతోపాటే కాలిపోవాలి కాబట్టి అది పల్చగా ఉంటుంది, చటుక్కున కలిసిపోతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో నూనె విడిగా దాని కడుపులోనే ఉంటుంది. అది చిక్కన. ఆ చిక్కటిదాన్ని పెట్రోల్లో పోస్తే సరిగ్గా కలవక అడుక్కి దిగుతుంది. గొట్టం పీల్చేదేమో అడుగునుంచే. ముందు నూనె ముద్ద వెళ్ళి ప్లగ్గుల్ని తడిపేస్తుంది. ఆ గండం దాటినా, పైన మిగిలిన ఉత్త పెట్రోలుతో నడిస్తే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని ఇంజన్ పట్టేస్తుంది.

ఈ సీసా మీద పడవ ఇంజన్ బొమ్మ ఉంది. బొమ్మ కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, ఫోర్ స్ట్రోక్ అని ఉంది. తమ్ముడి ఇంజనేమో టూ స్ట్రోక్.

“ఏవండీ!” అని నేను పెట్టిన కేకకి వెనక పానా కింద పడింది. “వాడు పెట్రోల్లో ఏ నూనె పోసుకెళ్ళాడు?”

“అరలో బోటు బొమ్మ ఉన్నవి రెండు తీసుకోమన్నాను,” అన్నాడు మా ఆయన, ఇంజన్ కిందనుంచి తల బయటపెట్టకుండానే.

“రెండు రకాల మీదా బోటు బొమ్మే ఉంది మహానుభావా! ఆ షికారు పడవలవాళ్ళ కొత్త ఇంజన్లకి తెప్పించిన నూనె తెచ్చి పాతదాని పక్కనే సర్దిందెవరు?”

ఆయన లేచి వచ్చాడు. సీసా అందుకుని చూశాడు. తిరిగి నా మీద అరిచినా బాగుండేది. అరవలేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముఖం చూశాకే నాకు అసలు భయం మొదలైంది.

ఎందుకంటే ఆ పడవలో తమ్ముడొక్కడే లేడు. మా అమ్మాయి కూడా ఉంది. అవతలి దీవిలోని ఆసుపత్రిలో నర్సు పని తనది. రోజూ మేనమామ పడవలోనే వెళ్తుంది. దీవికి పోవాలంటే మొగ ముందునుంచి దాటాలి. ఏరు సముద్రంలో కలిసే చోటది. నీరు బయటికి లాగే వేళ అక్కడ ఇంజన్ ఆగితే, పడవ నేరుగా ఇసుక మేటల మీద విరిగే అలల్లోకి పోతుంది. ఆ లాగుడు ముందు తెడ్లు ఎందుకూ కొరగావు. ఇప్పుడు నీరు లాగే వేళే.

తమ్ముడికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. అమ్మాయికి చేశాను. అదీ మోగుతూనే ఉంది. ఇంజన్ హోరులో వాళ్ళకి వినబడదని నాకు తెలుసు. తెలిసి కూడా, “ఎత్తవే తల్లీ, ఎత్తు,” అని ఫోన్‌ని బతిమాలాను.

రేవులో పడవలన్నీ వేటకి పోయాయి. మిగిలింది మా ఆయన ఇంజన్లు పరీక్షించుకునే చిన్న పడవ ఒక్కటే. దాని పెట్రోలు ట్యాంకంటే పడవలో పెట్టుకునే ఎర్ర డబ్బా. అదీ ఖాళీ. అరలోని టూ స్ట్రోక్ సీసాలు వేటకి పోయినవాళ్ళే కొనుక్కుపోయారు, ఆ నూనె పీపా కూడా అడుగంటింది. ఆయన దాన్ని తలకిందులుగా వంచి, చివరి చుక్కదాకా గ్లాసులోకి పట్టి, వెలుతురుకెత్తి చూసి, దానికి తగ్గట్టే పెట్రోలు కలిపాడు.

“ఇంకాస్త పొయ్యండి. దారిలో ఆగిపోతే?”

“ఎక్కువ పోస్తే నూనె చాలక ఇంజనే పోతుంది. ఇది మొగ దాకా వస్తుంది.”

“మరి తిరిగి రావడానికో?”

ఆయన ఉత్త పెట్రోలు డబ్బా ఒకటి పడవలో పెట్టి, “నువ్వు ఇక్కడే ఉండు,” అన్నాడు. అప్పటికే నేను పడవలో కూర్చుని ఉన్నాను.

మలుపు తిరగ్గానే దూరంగా నీటి మీద పొగ కనిపించింది. తడి కట్టెలు రాజేసినట్టు దట్టమైన పొగ.

“అయ్యో, అంత పొగా!”

“పొగ ఉందంటే ఇంజన్ ఆడుతోందనే,” అన్నాడాయన. “ఉండనీ. పొగ ఉండాలి.”

పొగ వాసన తగిలితే చాలు ఇల్లు పీకి పందిరేసేదాన్ని, ఆ పొగకి దండం పెట్టుకున్నాను. నేను చూస్తుండగానే అది పల్చబడింది. ఇంకా పల్చబడింది. తర్వాత అక్కడ నీళ్ళూ ఆకాశం తప్ప ఏమీ లేవు. ఆయన నా వైపు చూడలేదు, నేను ఆయన వైపు చూడలేదు. అమ్మాయికి ఈత వచ్చు కదా అని మనసుకి సర్దిచెప్పుకోబోయాను. మొగలో ఈత వచ్చినవాళ్ళ శవాలు కూడా రేవుకి చేరడం చూసినదాన్ని.

మేం దగ్గరికి వెళ్ళేసరికి పడవ అడ్డం తిరిగి ఊగుతోంది. దాని వెనకే తెల్లగా అలలు విరుగుతున్నాయి. తమ్ముడు ఇంజన్ తాడు లాగుతున్నాడు. అరచేతుల తోలు ఊడొచ్చి తాడంతా ఎర్రగా ఉంది. అమ్మాయి వంగి నీళ్ళు తోడుతోంది.

“లంగరు పట్టట్లేదు బావా! జారిపోతోంది!”

“పడవ పోతే పోయింది! ఇందులోకి దూకండి!” అని అరిచాను.

అమ్మాయి దూకింది. తన భుజం దొరకబుచ్చుకుని లోపలికి లాగాను. తమ్ముడు మాత్రం కదల్లేదు. తన పడవని చూస్తూ నిలబడిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు తొందరపడకుండా ఉన్నది అదే మొదలు.

“రారా వెధవా!”

“ఇంకో సీసా ఉంటే అది కూడా పట్రా!” అన్నాడు మా ఆయన.

“ఆ దిక్కుమాలిన నూనెనా? మళ్ళీ దేనికి?” అన్నాను.

“మన దగ్గర చుక్క నూనె లేదు. ఉత్త పెట్రోలు కంటే అదే నయం. బాగా కలపాలి, కలుపుతూనే ఉండాలి. ఆపితే అడుక్కి దిగుతుంది.”

తమ్ముడు సీసా చంకలో పెట్టుకుని మా పడవలో పడ్డాడు. వాడి పడవ అంచు కొయ్యని మా ఆయన ఒక చేత్తో పట్టుకునే ఉన్నాడు. పోసిన కాస్తా అయిపోయి మా ఇంజన్ కూడా ఆగింది, రెండు పడవలూ కలిసి అలల వైపు జరుగుతున్నాయి. అమ్మాయి నూనె, పెట్రోలు ఎర్ర డబ్బాలో పోసింది, సగం తన బట్టల మీదే పడింది. నేను మూత బిగించి, డబ్బాని ఒళ్ళోకి లాక్కుని, పిచ్చిదానిలా ఊపడం మొదలుపెట్టాను. ఆయన కొయ్య వదిలేసి మా ఇంజన్ తాడు లాగాడు. ఇంజన్ అందుకోలేదు. మళ్ళీ లాగాడు. దగ్గింది, పొగ కక్కింది, అందుకుంది.

వెనక పెద్ద చప్పుడైంది. తమ్ముడు తిరిగి చూసి ముఖం కప్పుకున్నాడు. నేను తిరగలేదు. నా కళ్ళు డబ్బా మీద, చెవులు ఇంజన్ మీద. అది దగ్గినప్పుడల్లా ఇంకా గట్టిగా ఊపేదాన్ని. పొగకి కళ్ళు మండిపోతున్నాయి. చేతులు తిమ్మిరెక్కి నావి కాకుండా పోయాయి.

“నాకివ్వమ్మా, కాసేపు నేను ఊపుతాను,” అంది అమ్మాయి.

ఇవ్వలేదు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారే ఆ కాస్తలోనే దిగిపోతే? నా బిడ్డ పక్కనే ఉంది, ఊపిరి తీస్తోంది, తడి జుట్టు నా భుజానికి తగులుతోంది. అయినా ఇంకా ఆ అలల్లోనే ఉన్నట్టుంది నాకు. ఊపుతూనే ఉన్నాను.

ఎవరో నా మణికట్లు పట్టుకున్నారు.

“అమ్మా,” అంటోంది అమ్మాయి. ఏడుస్తోంది. “అమ్మా, ఇటు చూడు. రేవుకొచ్చేశాం. నాన్న ఇంజన్ ఆపేసి చాలాసేపైంది.”

అబద్ధమనుకున్నాను. ఇంజన్ దగ్గు నాకు స్పష్టంగా వినబడుతోంది. “వదలవే, అడుక్కి దిగిపోతుంది,” అని తన చేతులు విదిలించుకుని, మళ్ళీ డబ్బా ఊపాను.