కంబళి మీద పెట్టిన కత్తి

పెళ్ళికి కత్తిని తీసుకెళ్ళే పని తనకు అప్పగించినప్పుడే బొమ్మక్కకు అనుమానం రావలసింది. అత్త పేచ్చియమ్మాళ్ ఆమెకు ఒక గౌరవం ఇవ్వడం అదే మొదటిసారి.

కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న నల్లరేగడి ఊళ్ళలో వాళ్ళ కులానికి ఒక పద్ధతి ఉంది. పెళ్ళికొడుకు దూరదేశంలో ఉన్నా పెళ్ళి ఆగదు. అతని బదులు అతని కత్తి వస్తుంది. పసుపుగుడ్డలో చుట్టిన ఆ కత్తిని అతని ఇంటి ఆడమనిషి తెచ్చి, కులపెద్ద పరిచిన నల్ల కంబళి మీద పెట్టి, పెళ్ళికూతురి మెడలో తానే తాళి కడుతుంది. ఆ తరువాత కులపెద్ద గుడ్డ విప్పి కత్తిని అందరికీ చూపిస్తాడు. కత్తి ఎవరిదో పిల్ల వాడి భార్య. కంబళి మీద జరిగినదాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. మొదటి భార్య బతికుండగా మగవాడు రెండో పెళ్ళి చేసుకోవాలంటే, ఆమె కులం ముందు ఒప్పుకోవాలి. బొమ్మక్కకు పిల్లలు లేరు. భర్త తిరుపతిసామి బతిమాలాడు, కొట్టాడు, మళ్ళీ బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకున్న ఆడవాళ్ళ గతి ఆ ఊళ్ళోనే చూసింది. కొట్టంలో ఎద్దుల పక్కన పడక, అందరూ తిన్నాక మిగిలిన సజ్జగంజి.

ఆ ఏడు పత్తి పగిలే రోజుల్లో అత్త ఉన్నట్టుండి ఒక కబురు చెప్పింది.

"చిన్నోడు కొలంబో నుంచి చెప్పి పంపినాడే. పెండ్లి కావాలంట. నీ చెల్లెలు తాయమ్మను అడిగినాము. మీ నాయన సరే అన్నాడు."

చిన్నోడంటే బొమ్మక్క మరిది రామకృష్ణన్. కొలంబోలో పనులు మూతపడి తిరిగొచ్చిన పక్కూరి ఇరుళప్పన్, నెల కిందటే బావి దగ్గర ఆమెను ఆపి ఒక మాట చెప్పాడు.

"మీ మరిది అక్కడ సింహళ పిల్లతో కాపురం పెట్టినాడమ్మా. ఇద్దరు బిడ్డలు కూడా. ఇంక ఈ పక్కకు రాడు. మీ అత్తకు చెప్పవాకు, ముసిల్ది తట్టుకోదు."

బొమ్మక్క చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి, అత్తకు కాదు, నాయనకు. పుట్టింటికి చేరగానే ఆయన చెవిన వేసి పెళ్ళి ఆపేయాలనుకుంది.

ప్రయాణం రోజు తెల్లవారి బండి కట్టారు. తిరుపతిసామి రావడం లేదు. విరుదునగర్ పేటలో పత్తి దించే పని ఉందని ముందురోజే వెళ్ళిపోయాడు. అత్త పసుపుగుడ్డ మూట బొమ్మక్క చేతిలో పెట్టింది.

"దోవలో విప్పవాకు. కులపెద్ద విప్పాల."

తమలపాకుల తట్ట కోసం లోపలికి వెళ్తుంటే గుడ్డ మీంచే ఆమె వేళ్ళకు కొమ్ముపిడి తగిలింది. పిడి చివర ఒక పగులు. ఏటా ఆయుధపూజకు ఆ పగులులో నూనె పోసి తుడిచేది ఆమే. మూట విప్పి చూసింది. అది తన మొగుడి కత్తి. మరిది కత్తి, ఇత్తడి ఉంగరం వేసినది, గాదె పైన గోడకు అలాగే వేలాడుతోంది.

ఆమెకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. తన చేత్తో పెట్టిన మొగుడి కత్తి, తన చేత్తో చెల్లెలికి కట్టిన తాళి. కులం ముందు మొదటి భార్య ఒప్పుకున్నట్టే లెక్క. ఆ తరువాత ఎంత ఏడ్చినా కంబళి వినదు.

బయట అత్త పిలుస్తోంది. బొమ్మక్క గోడ మీది కత్తిని దించి పసుపుగుడ్డలో చుట్టింది. మొగుడి కత్తిని గాదెలో సజ్జల్లోకి లోతుగా తోసింది.

బండిలో పేచ్చియమ్మాళ్ మంచి హుషారుగా ఉంది.

"ఏమే, కత్తిని బిడ్డమాదిరి ఒళ్ళో పెట్టుకున్నావే? పోనీ, అదన్నా పెట్టుకో."

నాగలాపురం దాటి పుట్టింటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. నాయన పాలసామి ఎద్దులకు నీళ్ళు పెడుతున్నాడు. బొమ్మక్క దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఇరుళప్పన్ మాట నాలుక చివర ఉంది.

"నాయనా, కొలంబో మనిషి గురించి విచారించినావా?"

"విచారించేదానికి ఏముంది? అక్కాచెల్లెలు ఒక మొగుడి..." పాలసామి ఆగాడు. "ఒక ఇంట్లో ఉంటారు. అంతే."

"ఒక మొగుడి అన్నావు."

ఆయన ఎద్దు మూతి తుడవడం మొదలుపెట్టాడు. "నిన్ను తరిమేస్తే నేను ఎక్కడ పెట్టుకునేదిమ్మా? ఆ ఇంట్లో నాకు ఒక బిడ్డ నిలబడాల. నీవల్ల కాలేదు."

అంటే నాయనకూ తెలుసు. మిగిలింది చెల్లెలు ఒక్కతే. తాయమ్మకు తెలియకపోతే ఈ నిమిషమే అంతా చెప్పేయాలనుకుంది బొమ్మక్క.

లోపల తాయమ్మ తల దువ్వించుకుంటూ కూర్చుంది. బొమ్మక్క మిగతా ఆడవాళ్ళను బయటికి పంపి, దువ్వెన తాను అందుకుంది.

"తాయీ, వచ్చింది ఎవురి కత్తో నీకు తెలుసా?"

తాయమ్మ మెడ బిగుసుకుంది. "కొలంబో బావది గదక్కా."

"నా ముఖం చూసి చెప్పు."

"ఏమక్కా, పెండ్లిపూట ఇట్ల అడుగుతావు?" తాయమ్మ చూడలేదు. "అయినా బావ మంచోడే. విరుదునగర్ నుంచి వచ్చినప్పుడల్లా ఇక్కడికి కారబ్బూంది తెస్తాడు." అంతలోనే నాలుక కరుచుకుంది.

కొలంబో నుంచి వచ్చేవాడు విరుదునగర్ కారబ్బూంది తేడు. బొమ్మక్క జడ అల్లి, పూలు పెట్టి, చెల్లెలిని లేపింది.

ఊరి బయట పచ్చకొమ్మలతో వేసిన గుడిసె ముందు కులమంతా కూర్చుంది. కులపెద్ద కంబళి పరిచాడు. బొమ్మక్క మూట పెట్టింది. తాళి ఎత్తి చెల్లెలి మెడలో ముళ్ళు వేసింది. వెనక అత్త తృప్తిగా గొంతు సవరించుకోవడం వినిపించింది.

కులపెద్ద గుడ్డ విప్పి కత్తిని పైకెత్తాడు. ఎండకు ఇత్తడి ఉంగరం మెరిసింది.

"ఎవరి కత్తి?"

"మా మరిది రామకృష్ణన్‌ది," అంది బొమ్మక్క.

"కాదు," అంటూ లేచింది పేచ్చియమ్మాళ్.

"కాకపోతే ఎవురిది పేచ్చియక్కా?" కులపెద్ద ఆమె వైపు తిరిగాడు. "చెప్పు, అందరూ వింటారు."

చెప్పాలంటే పెద్దకోడలిని మోసం చేసి కంబళి మీదికి తెచ్చామని చెప్పాలి. కంబళిని మోసగించిన ఇంటికి ఎవరూ నీళ్ళివ్వరు, నిప్పివ్వరు. పేచ్చియమ్మాళ్ మెల్లగా కూర్చుంది.

"వాడిదే," అంది.

తాయమ్మ అప్పుడు తలెత్తి అక్క ముఖం చూసింది.

విరుదునగర్ నుంచి వచ్చిన తిరుపతిసామి కత్తి గురించి ఒక్క మాట అడగలేదు. అడగలేడు. కూరలో ఉప్పెక్కువైందని బొమ్మక్కను వాకిట్లోకి ఈడ్చి కొట్టాడు. ఆమె పళ్ళు బిగించుకుంది. ఇంట్లో తన చోటు తనదేననుకుంది.

తాయమ్మ ఆ ఇంటి చిన్నకోడలై రాని మొగుడి కోసం చూస్తూ ఉండిపోయింది. ఇంటెడు చాకిరీ ఆమె మీద పడింది.

ఆ మరుసటి పత్తికాలానికి తిరుపతిసామి విరుదునగర్‌లో పట్టమ్మాళ్ అనే పిల్లతో కాపురం పెట్టాడు. కత్తి లేదు, కంబళి లేదు. బొమ్మక్క కులపెద్ద ఇంటికి పరుగెత్తింది.

"పెండ్లి అయితే గదమ్మా నీ మాట కావాల?" అన్నాడు ఆయన చుట్ట నలుపుతూ. "మొగోడు టౌన్‌లో ఎవురిని పెట్టుకున్నా మేము అడగము."

ఆ పై ఏడు పత్తి తీసే రోజుల్లో, నిండునెలలతో ఉన్న పట్టమ్మాళ్‌ను పురుటికి ఊరికి తెచ్చారు. పేచ్చియమ్మాళ్ బొమ్మక్క పడకను ఎత్తి కొట్టంలో వేసింది.

మూడో రోజు అక్కాచెల్లెళ్ళు చేలో పత్తి తీస్తున్నారు. తాయమ్మ ఒక గట్టు అవతల నుంచి మాట్లాడింది.

"ఇరుళప్పన్ పెండ్లాం బావి దగ్గర కనిపించె. నా మొగుడు కొలంబోలో ఇద్దరు బిడ్డల తండ్రంట. నీకు పెండ్లికి ముందే చెప్పినారంట."

"చెప్పినారు."

"తెలిసే కట్టినావా?"

"తెలిసే కట్టినా."

తాయమ్మ చేతిలో పత్తిని నలుపుతూ నిలబడింది. "ఆ రోజు నువ్వు అడిగినప్పుడు నిజం చెప్పుంటే?"

"ఆపుండేదాన్ని."

"నువ్వు ఇట్ల చేస్తావని నాకేం తెలుసు? నాయన చెప్పొద్దన్నాడు. చెప్తే నరికేస్తా అన్నాడు."

ఇంటివైపు నుంచి పేచ్చియమ్మాళ్ గొంతు వినిపించింది. పట్టమ్మాళ్‌కు నొప్పులు మొదలైనాయి, వేణ్ణీళ్ళు పెట్టేదానికి మనిషి కావాల, ఇద్దరూ రాండి అని అరుస్తోంది.

ఇద్దరూ ఒళ్ళో పత్తిని బుట్టలో పోసి దారి పట్టారు. ఒకే పొయ్యి దగ్గర వంగి ఒకరు పుల్లలు తోస్తే ఒకరు ఊదారు. ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి ఆ పొయ్యి దగ్గరే వండారు. తాయమ్మ ఆమెను మళ్ళీ అక్కా అని పిలవలేదు.