రెండు లింకుల వదులు

ఎల్డన్ ట్రింబుల్ ముప్పయ్యేళ్ళు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు గానీ, పాఠం చెప్పడం మాత్రం మానలేదు. కెనడాలోని ఆ ఒంటారియో ఊళ్ళో రొట్టెల కొట్టు దగ్గర ఎవరైనా నోరుజారి ఓ నానుడి వాడారో, దాని పుట్టుపూర్వోత్తరాలు విన్నాకే రొట్టెతో బయటపడాలి. ఇప్పుడా సరుకంతా పుస్తకం చేస్తున్నాడు. ఆయన చెబుతాడు, చెల్లెలు విన్నిఫ్రెడ్ టైపు కొడుతుంది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. వంట, ఉతుకుడు, టైపు అన్నీ విన్నీవే. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు.

సెప్టెంబరులో ఆమెకో పిలుపు వచ్చింది. ఊరి బయట గుర్రాల శాల నడిపే ఐడా స్నైడర్‌కి, కుర్ర గుర్రాలను బండికి అలవాటు చేసే మనిషి కావాలి. శాల పక్కనే గది.

“మీ నాన్న పొలంలో జోడు గుర్రాలు తోలిన చేతులు కదే అవి! టైపు మిషను మీద పాడుచేస్తావా? ఊరి పశువుల ప్రదర్శన రోజుకి ఔనో కాదో చెప్పు” అంది ఐడా.

విన్నీకి ఎంత ఆశ పుట్టిందంటే, ఆ మధ్యాహ్నం బంగాళాదుంపలు రెండుసార్లు ఉడికించింది.

అన్నగారు సంగతి విని కోప్పడలేదు. అంతకంటే పాడు పని చేశాడు, నవ్వాడు.

“ఈ వయసులో పట్టీల మీదుగా తన్నుతున్నావన్నమాట! కాగితం పెట్టు, నాలుగో అధ్యాయం అదే.”

అధ్యాయం సాగింది. గుర్రం మెడపట్టెడ నుంచి రెండు పక్కలా బండి దాకా లాగుడు పట్టీలుంటాయి. కాలెత్తి వాటి అవతలికి తన్నే గుర్రాన్ని చూసి ఇంగ్లీషువాళ్ళు ‘పట్టీల మీదుగా తన్నడం’ అనే మాట పుట్టించారు. గుర్రం తర్వాత పార్టీ మాట వినని సభ్యుణ్ణి అన్నారు, ఆ తర్వాత ఇంట్లో చెప్పిన మాట వినని ప్రతివాణ్ణీ అన్నారు. “అనగా, బంధం తెంచుకుని స్వేచ్ఛగా పారిపోవుట” అని ముగించాడు ఎల్డన్.

విన్నీ వేళ్ళు ఆగాయి. “పారిపోదన్నయ్యా. కాలొక్కటే అవతల పడుతుంది. మెడపట్టెడ మెడకే ఉంటుంది. బెదిరిపోయి తన్నుకుంటూ ఒళ్ళు చితక్కొట్టుకుంటుంది.”

“నేను చదివిన పుస్తకాల్లో అలా లేదే.”

“గుర్రాలు చదవలేదు కదా.”

“చూడు విన్నీ, నిన్ను నేనేమైనా కట్టిపడేశానా? ఎప్పుడూ వదులుగానే ఉంచాను. ఎక్కడికైనా వెళ్ళు, ఎవరు వద్దన్నారు? నాలుగింటికి టీ పెట్టడానికి వచ్చెయ్, అంతే.”

ఆమె ‘స్వేచ్ఛగా’ అని కొట్టింది. ఐడాకి మాత్రం ఏ జవాబూ పంపలేదు.

ప్రదర్శన రోజున ఎల్డన్ మైదానం మధ్యలో ఉపన్యాసం పెట్టాడు. ఉదాహరణకి బతికున్న గుర్రాలే కావాలన్నాడు. పక్క పొలం ఆమోస్ వీబర్ తన జోడు ఆడగుర్రాల్ని, బెల్‌నీ డాట్‌నీ, బండికి కట్టి తెచ్చాడు. ఎల్డన్ పట్టీల చివర గొలుసులు చూసి పెదవి విరిచాడు.

“మరీ బిగించావయ్యా. రెండు లింకులు వదులు చెయ్యి. నోరులేని జీవానికి కాస్త స్వేచ్ఛ ఉండొద్దూ?”

“అవి జారితే కాలికి తగుల్తాయి మాస్టారూ.”

“నాకు చెబుతున్నావా?”

ఆమోస్‌కి అక్షరాలు దిద్దించింది ఆయనే. వదులు చేశాడు. విన్నీ జనాన్ని తోసుకుంటూ మైదానం చుట్టూ కట్టిన తాడు దాకా వచ్చింది.

ఎల్డన్ బండెక్కి పగ్గాలు పట్టి గుర్రం, పార్టీ సభ్యుడు, అన్నీ వరసగా చెప్పాడు. “ఇంకా చూడాలంటే మా ఇంటికే రండి, ఓ యాభై ఎనిమిదేళ్ళ ఉదాహరణ ఉంది!” అన్నాడు. జనం గొల్లుమన్నారు. విన్నీ ముఖం మండిపోయింది. అదే అదనుగా ఆయన దర్పంగా పగ్గాలు వెనక్కి లాగాడు. డాట్ రెండడుగులు వెనక్కి వేసింది. వదులు పట్టీ నేలకి జారింది. డాట్ కాలెత్తి దాని అవతల వేసింది.

తొడల మధ్య పట్టీ ఒరుసుకునేసరికి డాట్ బెదిరి బండిని ఫెడీ ఫెడీ తన్నింది. ఎల్డన్ “హేయ్! పద, పద!” అని పగ్గాలతో బాదాడు. అది ఇంకా తన్నింది, కాలు చీరుకుని నెత్తురు కారింది. ఎక్కడికీ పారిపోలేదు.

“ఆపన్నయ్యా! పగ్గాలు వదులు!” విన్నీ తాడు కిందనుంచి దూరింది. ఆమోస్ తల పట్టుకున్నాడు. ఆమె “ఓహో, బంగారూ, ఓహో” అంటూ పక్కగా వెళ్ళి, తుంటి మీద చెయ్యేసి, గొలుసు కొక్కెం తీసేసింది. పట్టీ కింద పడింది. డాట్ వణుకుతూ నిలబడింది.

“చూశారుగా!” అన్నాడు ఎల్డన్, టోపీ సర్దుకుని. “అక్షరాలా నేను చెప్పినట్టే జరిగింది!”

జనం చప్పట్లు కొట్టారు.

విన్నీ నెత్తుటి చేతులు లంగాకి తుడుచుకుని, కంచె దగ్గరున్న ఐడా ట్రక్కు వైపు నడిచింది.

“విన్నీ! ఎక్కడికి? నాలుగవుతోంది!”

“ఐడా వాళ్ళింటికి. అక్కడే ఉంటాను.”

“అందరి ముందూ ఈ తన్నులేమిటి?”

“నేను తన్నలేదన్నయ్యా. కొక్కెం తీశాను.”

ట్రక్కు కదిలింది. ఆమోస్ డాట్ కాలికి గుడ్డ కడుతున్నాడు. ఎల్డన్ బండి దిగి, బెల్ పట్టీలు ముందుకీ వెనక్కీ లాగి చూసి, గొంతు తగ్గించాడు.

“ఆమోస్, ఇది ఎలా విప్పాలోయ్?”