కోర్టు లేచేదాకా

నా పరిశోధనను మెచ్చుకున్నవాళ్ళలో ఒక్కడికైనా మంగ్త్యా తెలిసి ఉంటే నా మొహాన ఉమ్మేసేవాడు. తెలియదు కాబట్టి శాలువా కప్పారు. కప్పించుకున్నాను కూడా, నా సిగ్గు మండ.

1989లో నేను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కోర్టుల చుట్టూ తిరుగుతూ పాత తీర్పులు నా నోటుపుస్తకంలోకి ఎక్కించుకునేవాణ్ని. చిన్న నేరాలకు చిన్న శిక్షలు వేస్తే మనుషులు మారుతున్నారా లేదా అన్నది నా డాక్టరేటు విషయం. ఇప్పుడు చెప్పబోయేది ఈ మూడింట్లో ఏ ఊళ్ళో జరిగిందో మాత్రం అడక్కండి.

సారా కాచిన కేసులో నేరం ఒప్పుకుంటే అక్కడ మామూలుగా పడే శిక్ష 'కోర్టు లేచేదాకా'. అంటే పొద్దున ఒప్పుకున్నవాడు, సాయంత్రం మెజిస్ట్రేటు కుర్చీలోంచి లేచేవరకు హాల్లో ఓ మూల కూర్చోవాలి. ఆయన లేస్తే శిక్ష ఖతం, ఇంటికి పోవచ్చు. ఆ కేసుల కట్టల్లో ఒక పేరు మాటిమాటికీ తగిలింది. ఫకీరా కొడుకు మంగ్త్యా, ఆరేళ్ళలో పద్నాలుగు సార్లు. నాకు లంకెబిందెలు దొరికినట్టయింది. మెత్తని శిక్షతో మనిషి మారడని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

కొన్నాళ్ళకు ఒకచోట కలం ఆగింది. ఒకే రోజు, పొద్దున్నే ఆరింటికి, మంగ్త్యా ఒక సారా బట్టీ దగ్గరా దొరికాడు, పదిహేను కిలోమీటర్ల అవతల మరో బట్టీ దగ్గరా దొరికాడు. బెంచి గుమాస్తా సోమయ్యను అడిగితే పాన్ నములుతూ నవ్వాడు.

"గంత సదివిన్రు, గిది తెల్వదా సారూ? మేళ్లచెరువు కాడ రాళ్ల లారీ మీదికెల్లి పడి మంగ్త్యా కాలు పోయింది. కూలికి పోలేడు. సుట్టు నాలుగు తండలల్ల ఎవరి బట్టీ దొరికినా ఈయన పేరే రాయిస్తరు. వాళ్లు నాట్లకు పోతరు, ఈయన వచ్చి గీడ కూసుంటడు. పంటకు ఇంటికిన్ని జొన్నలు పెడ్తరు. ఆబ్కారోళ్లకు ఓ పేరు కావాలె, మాకు ఓ మనిషి కావాలె. ఇగ ఎవరికేం పరేషాన్?"

వాయిదాకొచ్చిన మంగ్త్యాను కోర్టు వరండాలో అడిగితే దాచలేదు. పైగా గర్వంగా చెప్పాడు. "నేను సుక్క ముట్ట సారూ. కాలు లేనోనికి గిది కూసునే కొలువు." పక్కనున్న భార్య ద్వాళి మూట విప్పి నాకూ ఒక జొన్నరొట్టె పెట్టింది. ఆకలిమీదున్నాను, తిన్నాను.

గదికొచ్చి నా పట్టిక ముందేసుకున్నాను. మళ్ళీ మళ్ళీ నేరం చేసేవాళ్ళని అరవై ఒక్క మందిని లెక్క తేల్చి పెట్టాను. వాళ్ళలో ఎందరు మంగ్త్యాలో! ఆ మాట రాస్తే నాలుగేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరు. లెక్చరర్ ఉద్యోగం దానిమీదే ఆధారపడి ఉంది. సోమయ్య చెప్పింది రాసుకున్న కాగితం చించి పారేశాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, గొప్ప కోసం పట్టిక తీసుకెళ్ళి ప్రాసిక్యూటరుకు చూపించాను. ఆయన కళ్ళు మెరిశాయి. పద్నాలుగు తీర్పులకూ నకళ్ళు తీయించి పెట్టుకున్నాడు. పాత శిక్షలు చూపిస్తే కొత్త శిక్ష పెంచొచ్చని నాకు తెలియక కాదు.

నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో మంగ్త్యా పదిహేనోసారి వచ్చాడు. కొత్త మెజిస్ట్రేటు వచ్చి నెలే అయింది. నేరం చేశావా అని అడిగాడు.

"చేసిన దొరా," అన్నాడు మంగ్త్యా, రోజూ చెప్పే మాటలా.

ప్రాసిక్యూటరు నకళ్ళు తీసి బల్లమీద పరిచాడు. మెజిస్ట్రేటు వాటిని చూశాడు, తర్వాత మంగ్త్యా చంక కింది కర్రను చూశాడు, చివరికి ముందు వరుసలో ఉన్న నావైపు తిరిగాడు.

"ఈ తీర్పులన్నీ మీరు చదివారట. ఈ కాలితో ఇతను ఇన్ని బట్టీలు నడిపాడా? మీకేమైనా తేడా కనిపించిందా?"

సోమయ్య తల కాగితాల్లోకి వంచుకున్నాడు. ఉద్యోగం ఉన్నవాడు, ఇంకేం చేస్తాడు. మంగ్త్యా నన్ను చూసి చిన్నగా నవ్వాడు, తెలిసినవాడు ఉన్నాడన్న ధైర్యం కాబోలు. ఒకే రోజు ఆరింటికి అతను రెండు చోట్ల దొరికిన సంగతి నా నాలుక చివర ఉంది. ఒక్క మాట చెబితే చాలు.

"లేదు సార్. రికార్డు సరిగ్గానే ఉంది," అన్నాను.

రెండేళ్ళ కఠిన కారాగార శిక్ష. మెజిస్ట్రేటు ఇంగ్లీషులో చదివి తర్వాతి కేసు పిలవమన్నాడు. దాన్ని తెలుగులో ఎవరూ చెప్పలేదు. జైలు వారెంటు టైపు చేయించడానికి కానిస్టేబుల్ బయటికి పోయాడు. మంగ్త్యా దండం పెట్టి, ఎప్పటిలాగే తన మూలకు నడిచి, గోడకు ఆనుకుని, కాలు చాపుకుని కూర్చున్నాడు.

నేను సంచి సర్దుకుని లేచేసరికి గుమ్మం దగ్గర ద్వాళి ఎదురొచ్చింది.

"సారూ, దొర జల్ది లేస్తడా? నాలుగింటి బస్సు అందుతదా?"

చెప్పాల్సింది అప్పుడైనా చెప్పొచ్చు. ఏడుస్తుంది, నలుగురూ చూస్తారు, ఎందుకొచ్చిన రభస అనుకున్నాను.

"అందుతది," అన్నాను.

"అయితే రొట్టె బస్సులనే తింటం ఇద్దరం," అని ఆమె మూట మళ్ళీ ముడివేసింది.

నేను మెట్లు దిగుతుంటే కానిస్టేబుల్ బేడీలు పట్టుకుని ఎదురొచ్చాడు. పక్కకు జరిగి దారిచ్చాను.